డబుల్స్ టెన్నిస్ కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

డబుల్స్‌నే వృత్తిగా పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగేవాళ్లు రెండు రకాలు. కూతురో కొడుకో నెట్ దగ్గర చురుగ్గా ఆడుతున్నారని గమనించిన తల్లిదండ్రులు ఒక రకం. టీవీలో డబుల్స్ ఫైనల్ చూసి, వీళ్లు సింగిల్స్‌లో ఎప్పుడూ కనబడరేం అనుకునే అభిమానులు రెండో రకం. ఎవరు అడిగినా సందేహాలు ఇంచుమించు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదలుపెట్టే ముందు

సింగిల్స్‌లో నిలబడలేనివాళ్లేగా డబుల్స్‌కి వచ్చేది?

కొంత నిజమే, దాచాల్సిన పనేం లేదు. ఇవాళ డబుల్స్‌లో ముందున్నవాళ్లలో చాలామంది సింగిల్స్ ప్రయత్నించి, ర్యాంకింగ్ ఒక దగ్గర ఆగిపోయాక ఇటు తిరిగినవాళ్లే. అయితే ఆగిపోవడానికి కారణం ప్రతిసారీ ఆట తక్కువై కాదు. సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. మణికట్టు, మోకాళ్ల గాయాలు వదలకపోవడంతో సింగిల్స్ మానేసి, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. లియాండర్ పేస్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో గెలిచిన కాంస్యం సింగిల్స్‌లోనే.

అసలు ఇవి రెండు వేరు వేరు పనులు. సింగిల్స్‌లో బేస్‌లైన్ దగ్గర నిలబడి పాతిక షాట్లు ఆడగలిగే ఓపిక కావాలి. డబుల్స్‌లో ఎక్కువ పాయింట్లు నాలుగైదు షాట్లలో తేలిపోతాయి. సర్వ్, రిటర్న్, మొదటి వాలీ (బంతి నేలకు తగలకముందే కొట్టే షాట్) ఈ మూడూ సరిగ్గా లేనివాడు ఎంత పెద్ద సింగిల్స్ స్టార్ అయినా ఇక్కడ ఇబ్బంది పడతాడు.

ఏ వయసులో డబుల్స్ స్పెషలిస్ట్ అవ్వాలని నిర్ణయించుకోవాలి?

పద్నాలుగేళ్లకే అయితే వద్దు. చిన్న వయసులో సింగిల్స్ మానేస్తే కాళ్ల కదలిక, గ్రౌండ్‌స్ట్రోక్స్, ఒత్తిడిలో ఒంటరిగా నిలబడటం ఇవేవీ పూర్తిగా రావు. పైగా కెరీర్ మొదట్లో డబుల్స్ డ్రాలో, అంటే టోర్నీలో ఆడే జోడీల జాబితాలో, చోటు దొరకడానికి సింగిల్స్ ర్యాంకింగ్ కూడా పనికొస్తుంది. ఇరవై దాటేదాకా రెండూ ఆడి, పాతికేళ్ల వయసులో లెక్క చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు ర్యాంకింగుల మధ్య తేడా ఏటేటా పెరుగుతూ పోతుంటే జవాబు దానంతటదే తెలుస్తుంది.

కాలేజీ టెన్నిస్‌కి వెళ్తే కెరీర్ వెనకబడుతుందా?

డబుల్స్ విషయంలో కాదు. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో జట్ల పోటీ డబుల్స్‌తో మొదలవుతుంది. మూడు డబుల్స్ మ్యాచ్‌ల్లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. ఆ ఒక్క పాయింటు కోసం కోచ్‌లు డబుల్స్ ఫార్మేషన్ల మీద బోలెడంత సమయం పెడతారు. అమెరికా కవలలు బాబ్, మైక్ బ్రయాన్ సోదరులు స్టాన్‌ఫర్డ్‌లో, రాజీవ్ రామ్ ఇల్లినాయ్‌లో, జో సాలిస్‌బరీ మెంఫిస్‌లో ఆడి వచ్చినవాళ్లే. రామ్, సాలిస్‌బరీ కలిసి 2021, 2022, 2023లో వరుసగా మూడుసార్లు యూఎస్ ఓపెన్ గెలిచారు.

ఎత్తు తక్కువైతే కష్టమా?

పొడవుంటే సర్వ్‌కి లాభం, అంతే. నెట్ దగ్గర కావలసింది చేతుల వేగం, బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టే చూపు. లియాండర్ పేస్ ఆటంతా ఈ రెండింటి మీదే నడిచింది.

## మొదటి మెట్లు

మొదటి ప్రొఫెషనల్ డబుల్స్ మ్యాచ్ ఆడాలంటే ఏం చేయాలి?

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్ దగ్గర ఐపిన్ అనే ఆటగాడి నంబరు తీసుకోవాలి. ప్రొఫెషనల్ టోర్నీలకు కనీసం 14 ఏళ్లు నిండాలి. అమ్మాయిలకు 18 నిండేదాకా ఏడాదికి ఇన్ని టోర్నీలే ఆడాలన్న పరిమితి కూడా ఉంటుంది. మగవాళ్లకు ఎం15, ఎం25, ఆడవాళ్లకు డబ్ల్యూ15, డబ్ల్యూ35 అనే టోర్నీలు అడుగు మెట్లు. ఆ పైన మగవాళ్లకు చాలెంజర్ టోర్నీలు, ఆ తర్వాత పురుషుల ప్రధాన టూర్ అయిన ఏటీపీ టూర్. ఆడవాళ్లకు డబ్ల్యూ50 నుంచి డబ్ల్యూ100 దాకా, ఆ పైన మహిళల ప్రధాన టూర్ డబ్ల్యూటీఏ.

అడుగు మెట్టులో డబుల్స్ ఆడేవాళ్లలో ఎక్కువమంది సింగిల్స్ కోసం వచ్చి పేరు ఇచ్చినవాళ్లే. ఎలాగూ వచ్చాం కదా, ఇదీ ఆడదాం అన్న ధోరణి వాళ్లది. డబుల్స్ మీదే దృష్టి పెట్టినవాళ్లు త్వరగా పైకి రావడానికి ఇదే అవకాశం.

ర్యాంకింగ్ జోడీకి ఇస్తారా, ఒక్కొక్కరికీ ఇస్తారా?

ఒక్కొక్కరికీ. గెలిచిన పాయింట్లు ఇద్దరికీ పూర్తిగా వస్తాయి, సగం సగం పంచరు. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000, ఫైనల్లో ఓడితే మగవాళ్లకు 1200. మాస్టర్స్ టైటిల్‌కి 1000, ఆ కింద 500, 250 స్థాయి టోర్నీలు. చాలెంజర్లలో అడుగు స్థాయి అయిన చాలెంజర్ 50 గెలిస్తే 50, ఎం15 గెలిస్తే 15. ప్రతి పాయింటుకీ ఆయుష్షు 52 వారాలే. పోయిన ఏడాది ఈ వారంలో ఫైనల్ ఆడి ఉంటే, ఈసారి మొదటి రౌండ్లో ఓడిన మర్నాడే ర్యాంకింగ్ పడిపోతుంది.

జోడీకి విడిగా లెక్క కట్టేది ఒక్క సందర్భంలోనే. ఏడాది చివర జరిగే ఏటీపీ, డబ్ల్యూటీఏ ఫైనల్స్‌కి ఆ సీజన్లో కలిసి సంపాదించిన పాయింట్లను బట్టి 8 జోడీలను తీసుకుంటారు.

నా ర్యాంకు బాగానే ఉన్నా డ్రాలో చోటు రాలేదు, ఎందుకు?

చూసేది మీ ఒక్కరి ర్యాంకు కాదు, ఇద్దరి ర్యాంకుల మొత్తం. మీరు 60, పార్ట్‌నర్ 140 అయితే మీ లెక్క 200. 95, 95 ఉన్న జోడీ లెక్క 190, కాబట్టి వాళ్లు మీకంటే ముందు. గ్రాండ్‌స్లామ్‌లో 64 జోడీలకు చోటు ఉంటుంది. చిన్న ఏటీపీ టోర్నీలో 16 జోడీలకే.

దీనికి తోడు సింగిల్స్ ఆటగాళ్లు తమ సింగిల్స్ ర్యాంకుతో డబుల్స్‌లోకి రావచ్చు. సింగిల్స్‌లో 30వ ర్యాంకు దగ్గర్లో ఉన్న ఇద్దరు సరదాగా పేరు ఇస్తే వాళ్ల లెక్క దాదాపు 60. ఏడాదంతా డబుల్స్ మీదే బతికే జోడీ బయట ఉండిపోతుంది. స్పెషలిస్టులకు ఎప్పటినుంచో ఉన్న కడుపుమంట ఇది. టిక్కెట్లు అమ్ముడయ్యేది సింగిల్స్ స్టార్ల పేర్లతోనే అని నిర్వాహకుల వాదన. రెండు వైపులా న్యాయం ఉందనే అనుకుంటాను. కానీ ఆ స్టార్ రెండో రౌండ్ ముందు అలసటగా ఉందని తప్పుకున్నప్పుడు మాత్రం, బయట కూర్చున్నవాడి కోపం సమంజసమే అనిపిస్తుంది.

ఆల్టర్నేట్ అంటే?

డ్రాలో చోటు దొరకని జోడీలు టోర్నీ దగ్గరే పేరు రాయించుకుని ఎదురుచూస్తాయి. ఎవరైనా తప్పుకుంటే వాళ్ల చోటు వీళ్లది. బ్యాగ్ సర్దుకుని, వార్మప్ చేసుకుని, సాయంత్రం దాకా కూర్చుని ఒక్క బంతి కొట్టకుండా తిరిగి వెళ్లే రోజులు ఉంటాయి.

## పార్ట్‌నర్

పార్ట్‌నర్‌ని ఎలా వెతుక్కుంటారు?

ఈ వృత్తిలో అసలైన పని ఇదే. ఎక్కువగా జరిగేది ఫోన్ మెసేజ్ మీద. "ఆ వారం ఎవరితోనైనా ఆడుతున్నావా?" అన్న ఒక్క ముక్క. ఎంట్రీ గడువు ముగిసేలోపు జవాబు రావాలి. సీజన్ చివర్లో అయితే వచ్చే ఏడాదికి పక్కా జోడీల కోసం ప్లేయర్స్ లాంజ్‌లో చర్చలు నడుస్తుంటాయి.

ముందు ర్యాంకుల కూడిక. మీరు ఎంత మంచి స్నేహితులైనా ఇద్దరి మొత్తం పెద్దదైతే డ్రాలో చోటే ఉండదు. తర్వాత కోర్టులో ఎవరు ఏ వైపు అన్నది. ఇద్దరూ యాడ్ కోర్టులోనే (తమ వైపు ఎడమ సగంలోనే) రిటర్న్ చేసేవాళ్లైతే ఒకరు అలవాటు మార్చుకోవాలి, అది నెలల పని. ఒకరిది ఎడమచేతి వాటమైతే లాభం ఎక్కువ, ఎందుకంటే సర్వ్ తిరిగే దిశ గేమ్ గేమ్‌కీ మారుతుంటే ప్రత్యర్థికి లయ దొరకదు. బాబ్ బ్రయాన్ ఎడమచేయి, మైక్ కుడిచేయి. కవలలకు ఇది దేవుడిచ్చిన వరం అనాలి.

క్యాలెండర్ కూడా కలవాలి. ఒకరికి ఇంకా సింగిల్స్ ఆశ ఉంటే వాళ్లు క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) ఆడటానికి వేరే ఊరు వెళ్తారు, మీరు ఖాళీ. ఇక స్వభావం సంగతి. ఓడుతున్నప్పుడు మౌనంగా ఉండేవాడికీ, మాట్లాడితే గానీ తేలికపడనివాడికీ జోడీ కుదరడం కష్టం. ఇద్దరి ఫోర్‌హ్యాండ్లు ఎంత గొప్పవైనా ఐదో నెలలో ఈ తేడా బయటపడుతుంది.

జోడీలు విడిపోతే గొడవపడ్డారనేనా అర్థం?

చాలాసార్లు కాదు. కలిసి ఎక్కువ కాలం ఆడటమే అరుదు. బ్రయాన్ సోదరులు కలిసి 119 టైటిల్స్, అందులో 16 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచారు. కానీ అలాంటి జోడీ తరానికి ఒకటి. మామూలుగా జరిగేది రోహన్ బోపన్న, మాథ్యూ ఎబ్డెన్ విషయంలో జరిగినట్టు. 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు, ఆ ఏడాది చివరికి విడిపోయారు. మధ్యలో పారిస్ ఒలింపిక్స్‌లో ఎబ్డెన్ తన దేశానికే చెందిన జాన్ పీర్స్‌తో ఆడి స్వర్ణం గెలిచాడు.

గొడవలూ ఉంటాయి, లేవని కాదు. పేస్, మహేశ్ భూపతి 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌కీ చేరి, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ గెలిచారు. తర్వాత దూరమయ్యారు, మళ్లీ కలిశారు, 2011 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లి మళ్లీ విడిపోయారు. వాళ్ల మధ్య ఏం జరిగిందన్న దాని మీద బయటివాళ్లం మాట్లాడుకున్నంతగా, 1999లో వాళ్లు ఆడిన ఆట గురించి మాట్లాడుకోలేదు.

పార్ట్‌నర్‌కి గాయమైతే నా సీజన్ పోయినట్టేనా?

పోదు. ర్యాంకింగ్ మీదే కాబట్టి మరొకరితో ఆడొచ్చు. 2018లో బాబ్ బ్రయాన్ తుంటి గాయంతో ఆగిపోయాడు. మైక్ అప్పటిదాకా దాదాపు ఎప్పుడూ బాబ్‌తోనే ఆడిన మనిషి. జాక్ సాక్‌తో జత కట్టి ఆ ఏడాదే వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచాడు. అందరికీ అలా కలిసిరాదు గానీ దారి మాత్రం ఉంది.

మిక్స్‌డ్ డబుల్స్ మీదే కెరీర్ నడపొచ్చా?

నడవదు. మిక్స్‌డ్‌కి ర్యాంకింగ్ పాయింట్లు లేవు, క్రమం తప్పకుండా జరిగేది గ్రాండ్‌స్లామ్‌లలోనే. పేరు తెచ్చుకోవడానికి మాత్రం మంచి వేదిక. భూపతి 1997లో రికా హిరాకీతో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచి, గ్రాండ్‌స్లామ్ టైటిల్ సాధించిన తొలి భారతీయుడయ్యాడు. పేస్ 18 గ్రాండ్‌స్లామ్‌లలో 10 మిక్స్‌డ్‌వే.

2025లో యూఎస్ ఓపెన్ దీన్ని పూర్తిగా మార్చేసింది. 16 జోడీలతో, ప్రధాన పోటీలకు ముందు వారంలో, ఎక్కువగా సింగిల్స్ స్టార్లతో, విజేతలకు 10 లక్షల డాలర్లతో నడిపింది. డబుల్స్ స్పెషలిస్టులను పక్కన పెట్టారని విమర్శలు వచ్చాయి. చివరికి గెలిచింది అంతకుముందు ఏడాది విజేతలు, డబుల్స్‌లో ఆరితేరిన సారా ఎరానీ, ఆండ్రియా వవసోరీలే.

## కోర్టులో

డబుల్స్‌లో స్కోరు లెక్క సింగిల్స్ కంటే వేరేగా ఎందుకు ఉంటుంది?

ఏటీపీ టూర్‌లో 2006 నుంచి డ్యూస్ (40-40) దగ్గర అడ్వాంటేజ్ లేదు, అంటే వరుసగా రెండు పాయింట్లు గెలవక్కర్లేదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. ఆ పాయింటుకు ఏ వైపు రిటర్న్ చేయాలో రిటర్న్ చేసే జోడీ నిర్ణయించుకుంటుంది. సెట్లు చెరొకటి అయితే మూడో సెట్‌కి బదులు 10 పాయింట్ల టైబ్రేక్. మ్యాచ్ ఎంతసేపు పడుతుందో అంచనా ఉంటే షెడ్యూల్ వేసేవాళ్లకు సులువు, సింగిల్స్ ఆటగాళ్లూ ధైర్యంగా పేరు ఇస్తారు.

గ్రాండ్‌స్లామ్ పురుషుల, మహిళల డబుల్స్‌లో మాత్రం మామూలు అడ్వాంటేజ్, పూర్తి మూడో సెట్ ఉంటాయి. వింబుల్డన్ పురుషుల డబుల్స్ ఐదు సెట్లకు జరిగేది, 2023 నుంచి మూడుకు తగ్గించారు.

ఆటగాడి వైపు నుంచి చూస్తే పొట్టి స్కోరింగ్ అంటే అదృష్టం పాలు పెరిగినట్టే. ఏడాదంతా బాగా ఆడిన జోడీ కూడా రెండు మూడు పాయింట్ల తేడాతో మొదటి రౌండ్లో ఇంటికి వెళ్లొచ్చు. ఈ వృత్తిలో టెన్షన్ ఎక్కువగా ఉండేది ఇక్కడే.

నెట్ దగ్గర ఉన్నవాడు వీపు వెనక వేళ్లు చూపిస్తాడేం?

సర్వ్ చేసే పార్ట్‌నర్‌కి సైగ. సర్వ్ ఎటు వేయాలి, తాను పక్కకు దూకి బంతిని అడ్డుకుంటాడా లేక ఉన్నచోటే ఉంటాడా అన్నది చెబుతాడు. ఆ దూకడాన్నే పోచింగ్ అంటారు. ఐ ఫార్మేషన్‌లో అయితే నెట్ మనిషి మధ్య గీత మీదే దాదాపు కూర్చుని, సర్వ్ పడ్డాక ఒక వైపు లేస్తాడు. రిటర్న్ చేసేవాడికి ఎటు కొట్టాలో ఆఖరి క్షణం దాకా తెలియకూడదన్నదే ఉద్దేశం.

ప్రాక్టీస్ సింగిల్స్ వాళ్లలాగే ఉంటుందా?

పరుగు తక్కువ, ప్రతిస్పందన ఎక్కువ. డబుల్స్ కోర్టు వెడల్పు 36 అడుగులు, సింగిల్స్‌ది 27. ఆ 36 అడుగులను ఇద్దరు పంచుకుంటారు కాబట్టి ఒక్కొక్కరు కాయాల్సింది తక్కువ, కానీ బంతి చాలా దగ్గర నుంచి వస్తుంది. అందుకే నలుగురూ నెట్ దగ్గర నిలబడి వాలీలు కొట్టుకోవడం, ముందుకొచ్చే సర్వర్ కాళ్ల దగ్గర పడేలా రిటర్న్ చేయడం, లాబ్ (ప్రత్యర్థి తల మీదుగా ఎత్తుగా కొట్టడం), రెండో సర్వ్ వీటికే ఎక్కువ సమయం పోతుంది. రెండో సర్వ్ బలహీనమైతే పార్ట్‌నర్ నెట్ దగ్గర నిలబడి దెబ్బలు తినాల్సి వస్తుంది. అక్షరాలా.

## డబ్బు

డబుల్స్ ఆడి బతకగలమా?

పై స్థాయిలో బాగానే, మధ్యలో ఈదుతూ, కింద ఉన్నవాళ్లు నష్టంతో. 2025 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు 30 లక్షల పౌండ్లు. డబుల్స్ విజేతలకు 6 లక్షల 80 వేల పౌండ్లు, అదీ జోడీకి, అంటే మనిషికి 3 లక్షల 40 వేలు. డబుల్స్ ప్రైజ్ మనీ అంకె ఎప్పుడు చూసినా అది ఇద్దరిదా ఒకరిదా అని చూసుకోవాలి.

గ్రాండ్‌స్లామ్‌లలో క్రమం తప్పకుండా చోటు దొరికే ర్యాంకుకు చేరితే ఏడాది ఖర్చులు పోను మిగులుతుంది. చాలెంజర్లలోనే ఉండిపోతే టైటిల్ గెలిచిన వారం కూడా విమాన టిక్కెట్లు, స్ట్రింగింగ్, తిండి, కోచ్ ఖర్చు పోగా చేతికి వచ్చేది స్వల్పం. అందుకే చాలా జోడీలు ఒకే కోచ్‌ని పంచుకుంటాయి, కొందరు కోచ్ లేకుండానే తిరుగుతారు. ఏటీపీ 2024లో మొదలుపెట్టిన కనీస ఆదాయ హామీ పథకం సింగిల్స్‌లో మొదటి 250 మందిని దృష్టిలో పెట్టుకున్నది. డబుల్స్ ర్యాంకు చూపించి దాన్ని అడగలేరు.

ఈ దారిలోకి దిగేముందు మూడేళ్ల ఖర్చు ఎవరు పెడతారో తేల్చుకోవాలి. ప్రైజ్ మనీ మీద లెక్క వేసుకుని దిగొద్దు.

హోటల్ ఖర్చు టోర్నీయే పెట్టుకుంటుందా?

పెద్ద టూర్ టోర్నీల్లో మెయిన్ డ్రాలో ఉన్నవాళ్లకు కొన్ని రాత్రులకు గది ఇస్తారు. అడుగు మెట్టులో చాలావరకు మీ జేబులోంచే. ప్రయాణం ఎక్కడైనా మీదే.

స్పాన్సర్లు దొరుకుతారా?

రాకెట్లు, బూట్లు, బట్టలు దొరకొచ్చు. చేతికి డబ్బిచ్చే ఒప్పందాలు తక్కువ, ఎందుకంటే డబుల్స్ టీవీలో కనబడేదే తక్కువ.

## పై స్థాయికి చేరాక

ఏడాదిలో ఎన్నాళ్లు ఇంట్లో ఉంటారు?

జనవరిలో ఆస్ట్రేలియాతో మొదలై, మార్చిలో అమెరికా హార్డ్ కోర్టులు, ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా యూరప్ మట్టి కోర్టులు, ఆపైన పచ్చిక, మళ్లీ అమెరికా, తర్వాత ఆసియా, చివరికి యూరప్ ఇండోర్ కోర్టులతో నవంబర్‌లో ముగుస్తుంది. సగానికి పైగా వారాలు రోడ్డు మీదే. ఎప్పుడు ఓడతామో తెలియదు కాబట్టి తిరుగు టిక్కెట్ ముందే కొనుక్కోలేరు.

ఒలింపిక్స్‌లో ఎవరితో ఆడాలో ఆటగాడే నిర్ణయించుకోవచ్చా?

పార్ట్‌నర్ అదే దేశం వాడై ఉండాలి, కాబట్టి ఏడాదంతా కలిసి ఆడిన విదేశీ పార్ట్‌నర్ అక్కడ ప్రత్యర్థి కావచ్చు. పారిస్ 2024కి డబుల్స్ టాప్ 10లో ఉన్నవాళ్లు తమ దేశం నుంచి అర్హత ఉన్న ఒకరిని ఎంచుకునే వీలుండేది. బోపన్న అలాగే శ్రీరామ్ బాలాజీని తీసుకున్నాడు.

డోపింగ్ పరీక్షలు డబుల్స్ వాళ్లకీ ఉంటాయా?

ఉంటాయి. పరీక్షల ప్రధాన జాబితాలో పేరుంటే రోజూ ఒక గంట ఎక్కడ ఉంటారో ముందే తెలపాలి. 12 నెలల్లో మూడుసార్లు దొరక్కపోతే, మందు తీసుకోకపోయినా కేసే. బెట్టింగ్ విషయంలో ఎవరైనా సంప్రదిస్తే ఒప్పుకోకపోవడం ఒక్కటే చాలదు, అధికారులకు చెప్పి తీరాలి.

## వయసు, గాయాలు, ఆ తర్వాత

40 దాటాక కూడా ఎలా ఆడగలుగుతున్నారు?

రోహన్ బోపన్న 43 ఏళ్ల వయసులో తొలిసారి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. హోరాసియో జెబాయోస్ 40 ఏళ్లకు, 2025లో, మార్సెల్ గ్రనోయర్స్‌తో కలిసి ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్‌లు గెలిచాడు. మార్టినా నవ్రతిలోవా 2006 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచినప్పుడు 49 ఏళ్లు.

పరుగు తక్కువ కావడం ఒక కారణమే. ఎదుటివాడు ఎటు కొడతాడన్న అంచనా వయసుతో తగ్గదు, పెరుగుతుంది. అలాగని శరీరం ఊరికే ఒప్పుకోదు. మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయిందని బోపన్న చాలాసార్లు చెప్పాడు. అయ్యంగార్ యోగా తనను నిలబెట్టిందని కూడా అన్నాడు. ఆ వయసు ఆటగాడి రోజులో కోర్టు మీద గడిపే గంటలకంటే ఫిజియో దగ్గర, సాగదీసే వ్యాయామాలకు పోయేవే ఎక్కువ కావచ్చు.

ఆరేడు నెలలు ఆడలేకపోతే మళ్లీ కిందినుంచి మొదలుపెట్టాలా?

గాయంతో కనీసం ఆరు నెలలు దూరమైన మగ ఆటగాళ్లు ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్ అడగొచ్చు. దాంతో కొన్ని టోర్నీల్లో పాత స్థాయిని బట్టే ఎంట్రీ దొరుకుతుంది, సీడింగ్ (బలమైనవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే స్థానం) మాత్రం రాదు. మహిళల టూర్‌లో ఇలాంటిది ప్రసవం తర్వాత తిరిగి వచ్చేవాళ్లకీ ఉంది. సానియా 2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాక, 2020 జనవరిలో తిరిగొచ్చిన మొదటి టోర్నీ హోబార్ట్‌లోనే నదియా కిచెనోక్‌తో టైటిల్ గెలిచింది.

ఆట మానేశాక ఏం చేస్తారు?

కోచింగ్, కామెంటరీ, జాతీయ జట్ల బాధ్యతలు. బాబ్ బ్రయాన్ అమెరికా డేవిస్ కప్ కెప్టెన్ అయ్యాడు, టాడ్ వుడ్‌బ్రిడ్జ్ కామెంటరీలో స్థిరపడ్డాడు. సింగిల్స్ ఆటగాళ్లు కూడా నెట్ ఆట, రిటర్న్ మెరుగుపరచుకోవడానికి డబుల్స్ నేపథ్యం ఉన్న కోచ్‌లను పెట్టుకుంటున్నారు.

రిటైర్ అయ్యానని ప్రకటించి మళ్లీ రావచ్చా?

రావచ్చు, కానీ వెంటనే కాదు. పరీక్షల జాబితాలో ఉండి రిటైరైన ఆటగాడు తిరిగి రావాలంటే ముందుగా రాసివ్వాలి, ఆ తర్వాత ఆరు నెలలు డోపింగ్ పరీక్షలకు అందుబాటులో ఉండాలి. ఈలోపు 52 వారాలు దాటితే పాయింట్లన్నీ పోతాయి. అప్పుడు మిగిలేవి ర్యాంకు చూడకుండా నిర్వాహకులు ఇచ్చే వైల్డ్ కార్డ్, లేదా తన ర్యాంకుతో ఇద్దరినీ డ్రాలోకి లాగగలిగే పార్ట్‌నర్.